సముద్రం చూసిన చెక్క

కార్తీక పౌర్ణమికి ముందు సూర్యలంకలో నేను చేయించాల్సిన పనులు ఇవి:

ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గదులు, పన్నెండు.
తాగే నీళ్ల ట్యాంకులు, ఎనిమిది.
లోతు ఎక్కువున్న చోట ఎర్ర జెండాలు, అటు ఎవరూ పోకుండా సరుగుడు కర్రల దడి.
గజ ఈతగాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు.
బళ్లు ఆపే స్థలానికి సున్నపు గీతలు.
తాత్కాలిక మరుగుదొడ్లు, ముప్పై. వాటికి నీళ్లు.
మైకులు, తప్పిపోయిన పిల్లల కోసం ఒక టెంటు.
చెక్క రాట్నం: పరిశీలించి రిపోర్టు ఇవ్వవలెను.

మొదటి ఏడూ టైపు చేసి ఉన్నాయి. ఎనిమిదోది మా డి.ఇ. గారు కింద పెన్నుతో కలిపారు. ఆ ఏడు పనులకీ తొమ్మిది రోజులు పట్టింది. పొద్దున ఆరింటికి బాపట్లలో గది తాళం వేస్తే మళ్లీ తీసేసరికి కాళ్లలో ఇసుక తప్ప ఏమీ మిగిలేది కాదు. ఎనిమిదో పనికి వచ్చేసరికి పౌర్ణమి ఇంకా మూడు రోజులుంది.

నా పేరు రూబీ. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని. మాది అమృతలూరు దగ్గర పల్లె. మా నాన్న దావీదు, అమ్మ జ్ఞానమ్మ, ఇద్దరూ పొలం పనులకి వెళ్లేవాళ్లే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అందుకేనేమో, కాగితం మీద ఏది రాసి ఉంటే అది పూర్తయ్యేదాకా నాకు నిద్ర పట్టదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. అదొక రకం భయం.

రాట్నం బీచికి కొంచెం ఎడంగా, సరుగుడు తోట దాటాక, చేపలు పట్టేవాళ్ల పాలెం మొదట్లో ఉంది. ఏటా కార్తీకమాసంలో నిలబెడతారు, మాసం అయిపోయాక విప్పి పాకలో పెడతారు. రెండు గుంజలు, మధ్యన ఇనుప ఇరుసు. ఆ ఇరుసు నుంచి నాలుగు వైపులకీ తొమ్మిదేసి అడుగుల చెక్క చేతులు, రెండేసి చొప్పున. ఒక్కో జోడు చేతుల మధ్య ఒక్కో తొట్టి వేలాడుతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. ఇద్దరు మనుషులు అటూ ఇటూ నిలబడి ఆ చెక్క చేతుల్ని పట్టుకుని లాగి వదులుతారు. ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు కట్టారట. దాన్ని చూసుకునేది నాంచారయ్య గారు. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్లు అరిగి కొంచెం వంకరగా నడుస్తారు.

సుత్తితో ఒక్కో చేతినీ కొట్టుకుంటూ పోయాను. మంచి చెక్క గట్టిగా పలుకుతుంది. నాలుగో జోడు దగ్గర శబ్దం మారింది. స్క్రూడ్రైవర్ గుచ్చితే వేలెడు లోతు దిగింది. రెండో చేతికి ఇరుసు దగ్గర నిలువునా పగులు. నేను రెండిటి మీదా ఎర్ర పెయింటుతో ఇంటూ మార్కు వేశాను.

అక్కడ ఎండుచేపల గంప దించుకుని ఒకావిడ కూర్చుని ఉంది. లేచి వచ్చింది. "ఇదేంటి ఇంజనీరమ్మా, మీ సిలవ గుర్తు మా రాట్నానికి ఏశావు?"

"సిలువ కాదండి. ఇంటూ మార్కు. పనికిరాదని."

"సిలవలానే ఉంది."

"ఊరుకో పోలమ్మా," అన్నారు నాంచారయ్య గారు. "ఇస్కూల్లో నా పలక మీదా ఇదే ఏసేవోళ్లు. దీనిక్కూడా లెక్కలు రాలేదన్నమాట."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పగులు మీద బొటనవేలు పెట్టి కిందదాకా రాసుకుంటూ వచ్చారు.

"ఇవి రెండూ మార్చకపోతే రాట్నం తిప్పనివ్వను బాబాయ్," అన్నాను.

"తెలుసమ్మా. పోయినేడే తెలుసు. ఎవరన్నా వచ్చి చెప్తే బాగుండునని చూస్తన్నా."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. టీ కొట్టు దగ్గర కూర్చుని ఫారం నింపుతుంటే పోలమ్మ గంప తీసుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడకి యాభై దాటి ఉంటాయి.

"అమ్మాయ్, ఆ జోడు తీసేత్తే అక్కడ ఎవరిది పెడతారు?"

"ఎవరిదంటే? కొత్త చెక్క పెడతారు."

పోలమ్మ నన్ను చూసి, ఈమెకి ఎవరూ ఏమీ చెప్పలేదని తెలుసుకుని, మొదటినుంచీ చెప్పింది. ఆ రాట్నానికి వాడింది మామూలు చెక్క కాదు. సముద్రంలోకి వెళ్లి తిరిగిరాని మనుషుల పడవల చెక్క. మనిషి పోయి, పడవ మాత్రం ఒడ్డుకి కొట్టుకొస్తే ఆ పడవని మళ్లీ వేటకి వాడరు, పొయ్యిలో పెట్టరు. పనికొచ్చే దూలాలు రాట్నానికి ఇస్తారు. ఒక్కో జోడు ఒక్కో మనిషిది. పౌర్ణమి పొద్దున జనాన్ని ఎక్కించుకునే ముందు రాట్నాన్ని ఖాళీగా నాలుగు చుట్లు తిప్పుతారు. చుట్టుకో పేరు చొప్పున నాంచారయ్య గారు కేక వేస్తారు, ఒడ్డు మీంచి పడవని పిలిచినట్టు. ఆ మనిషి తాలూకు వాళ్లు ఇటునుంచి "ఓ" అని పలుకుతారు. అంతే. దానికి పూజ లేదు, ప్రసాదం లేదు.

"చెక్క ఉన్నంతకాలమే పేరు," అంది పోలమ్మ. "నా చిన్నప్పుడు నాగన్న అని పిలిచేవోళ్లు. ఆ చెక్క పుచ్చిపోయింది, ఇంకోళ్లది పెట్టారు. ఇప్పుడు నాగన్నని పిలవరు. ఎవరికీ గుర్తు కూడా లేడు."

"ఇప్పుడు నేను మార్కు వేసినవి ఎవరివి?"

"నాంచారయ్య మామోళ్ల అయ్యవి. పోతురాజు. ఉప్పెనలో పోయాడు. మొదట పెట్టినవాటిల్లో మిగిలింది అవే."

నా చేతికి ఎర్ర పెయింటు ఇంకా అంటుకుని ఉంది.

పోలమ్మ కొడుకు నాగశివ. ఇరవై ఆరేళ్లవాడు. నాలుగేళ్ల కింద వేటకి వెళ్లి రాలేదు. పడవ మాత్రం రెండు ముక్కలై ఒడ్డుకి చేరింది. కానీ అది ఫైబర్ పడవ. పాలెంలో ఇప్పుడు చెక్క పడవ ఒక్కటీ లేదు.

"ముక్క మోసుకెళ్లి నాంచారయ్య మామ గుమ్మంలో పెట్టా. 'ఇది ప్లాస్టిక్కే పోలీ, దీనికి మేకు దిగదు' అన్నాడు. నాలుగు పౌర్ణములయినయ్. పేర్లు పిలుత్తా ఉంటే నేను ఎండుచేపలు అమ్ముకుంటా ఉంటా. నువ్వు చెప్పమ్మా, నువ్వు ఇంజనీరువి కదా. మావోడి పేరు పెట్టమని రాయి."

"పేర్లకి ఫారంలో గడి లేదు పిన్నీ," అన్నాను. ఆవిడ గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

మా లూథరన్ చర్చిలో ప్రతి ఏటి చివరా ఆ ఏడు చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారు. మరుసటి ఏడు చదవరు. చిన్నప్పుడు మా నాయనమ్మ పేరు రెండో ఏడు ఎందుకు చదవలేదని ఆరాధన మధ్యలో గట్టిగా అడిగితే మా అమ్మ తొడ మీద గిల్లింది. బాపట్ల బస్సులో అదే గుర్తుకొచ్చింది. డి.ఇ. గారు ఫోన్ చేశారు.

"ఏమ్మా రూబీ, రాట్నం ఏమైంది?"

"ఒక జోడు చేతులు పాడైపోయాయి సార్. మిగతాది గట్టిగానే ఉంది."

"అయితే పనికిరాదని రాసెయ్. సంతకం పెట్టి వెళ్లి పడుకో. నీ గొంతు వింటుంటే నాకే నిద్రొస్తోంది."

ఆయన మంచికే చెప్పారు. కానీ ఫారంలో మూడు గడులున్నాయి. పనికివస్తుంది. పనికిరాదు. మరమ్మతు చేస్తే పనికివస్తుంది. మూడోది నిజం అయినప్పుడు రెండోదాంట్లో టిక్కు పెట్టడం నాకు చేతకాలేదు.

మరుసటి రోజు నాంచారయ్య గారూ నేనూ రేపల్లె వెళ్లాం. అక్కడ తోమాసు అనే పడవల వడ్రంగి ఉన్నాడని, పాత దూలాలేమన్నా ఆయన దగ్గరే దొరకాలని నాంచారయ్య గారు చెప్పారు. బస్టాండులో చూస్తే పోలమ్మ మాకంటే ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"నువ్వెందుకే?" అన్నారు నాంచారయ్య గారు.

"బస్సు నీదా మామా?"

చెరుకుపల్లి దాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. నేను మధ్యలో కూర్చుని, ఒకసారి ఈయన భుజం మీద, ఒకసారి ఆవిడ భుజం మీద తూలి పడుతూ నిద్రపోయాను. లేచేసరికి నా ఒళ్లో రెండు జామకాయలు ఉన్నాయి. ఎవరు పెట్టారో అడగలేదు.

తోమాసు గారు ఇప్పుడు పడవలు చేయడం లేదు. గుమ్మాలు, కిటికీలు చేస్తున్నారు. ఆయన వాకిట్లో ఇరవై అడుగుల మద్ది దూలం రెండు రాళ్ల మీద అరుగులాగా వేసి ఉంది. మమ్మల్ని దాని మీదే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. మేం వచ్చిన పని చెప్పాక, "ఇంకెక్కడా లేదండి. మీరు కూర్చున్నదే ఉంది," అన్నారు. "పన్నెండేళ్లనుంచి దీని మీద కూర్చుంటన్నాం. మా అమ్మాయిలిద్దరి సంబంధాలూ దీని మీదే కుదిరినయ్."

లేచి సుత్తితో కొట్టి చూశాను. గుడిలో గంటలాగా పలికింది. ఎక్కడ గుచ్చినా స్క్రూడ్రైవర్ దిగలేదు. "ఇది చాలు," అన్నాను. పది రోజుల్లో నాకు సంతోషం కలిగింది అప్పుడే.

"ఏ పడవది?" అన్నారు నాంచారయ్య గారు.

"ఏ పడవదీ కాదు. నిజాంపట్నం ఆయనెవరో పడవ చెయ్యమన్నాడు. పడవ అడుగున ఏసే దూలం కోయించేసరికి ఆయన ఫైబర్‌ది కొనుక్కున్నాడు. అట్టానే ఉండిపోయింది."

నాంచారయ్య గారు దూలం మీంచి లేచారు. "అయితే ఇది సముద్రం చూడలా."

"ఎవరిదీ కాకపోతే మావోడిదే," అంది పోలమ్మ వెంటనే. ఆ మాట కోసమే ఆవిడ బస్సెక్కిందని నాకప్పుడు తెలిసింది.

"అట్టా కుదరదు పోలీ. చెక్క ఎవరిదో పేరు వాళ్లది. ఇది వడ్రంగోళ్ల అరుగు."

"చెక్క పడవలు మానేసింది నా కొడుకా? ఊరంతా మానేసింది. నువ్వూ మానేశావు. నీ అన్న కొడుక్కి ఫైబర్ పడవ నువ్వే దగ్గరుండి కొనిపిచ్చావు. చచ్చిపోతే మాత్రం చెక్కలోనే చావాలా?"

తోమాసు గారు మజ్జిగ చెంబు పట్టుకుని లోపలికి పోయారు.

"పేరు సంగతి నాకు తెలీదు బాబాయ్," అన్నాను. "బలం సంగతి అడిగితే ఇంతకంటే మంచి దూలం దొరకదు. టైము కూడా లేదు."

"నీకు బలం కావాలి. దానికి పేరు కావాలి. మధ్యన నేను ఇరుసులాగా తిరగతన్నా." ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. "సరే. తీసుకుపోదాం. బిగిద్దాం. మూడు పేర్లే పిలుత్తా. నాలుగో చుట్టు పేరు లేకుండా తిరిగిద్ది."

"మీ నాన్నగారిది?"

"ఆ చెక్క పోయింది కదమ్మా."

తోమాసు గారు దూలాన్ని రెండుగా కోసి, నేను రాసిచ్చిన కొలతలకి రంధ్రాలు పెట్టి ట్రాలీ ఆటోలో వేశారు. వాళ్లిద్దరూ దూలాలకి చెరో పక్కా కూర్చుని బాపట్ల రోడ్డున వెళ్లారు. నేను రైల్లో తెనాలి వెళ్లాను. పాత బోల్టులు తుప్పు పట్టాయి. అంత పొడుగువి లేత్ మిషన్ దగ్గర చేయించాలి. షాపులో బల్ల మీద కూర్చుని అవి చల్లారేదాకా ఎదురుచూసి, సంచిలో వేసుకుని బాపట్ల బండెక్కాను. మా అమ్మ ఫోన్ చేసి, తెనాలిదాకా వచ్చి ఇంటికి రాలేదా అంది. పని ఉందన్నాను. నీకెప్పుడూ ఉండేదేగా అంది. కళ్లు మూసుకుని తెరిచేసరికి బండి చీరాలలో ఉంది. బాపట్ల ఎప్పుడు దాటిందో తెలియదు. ప్లాట్‌ఫారం మీద దిగి, ఒళ్లో బోల్టుల సంచి పెట్టుకుని, వెనక్కి వెళ్లే బండి కోసం కూర్చున్నాను. ఏడుపు వచ్చింది కానీ ఏడవడానికి కూడా ఓపిక లేదు.

పౌర్ణమి ముందు రోజు ఎనిమిదింటికి పాలెం చేరాను. రాట్నం మూడు జోళ్ల చేతులతో నిలబడి ఉంది. దూలాలు లేవు. పోలమ్మ ఒడ్డున గొంతుకూర్చుని సముద్రం వైపు చూస్తోంది.

"దూలాలేవి పిన్నీ?"

"ఏటకెళ్లినయ్."

"ఏంటి?"

"నాంచారయ్య మామ పడవలో ఏసుకుని పోయాడు. చీకటితోనే. వాళ్ల అన్న కొడుకుని లేపి, పడవ తియ్యమన్నాడంట. ఆడు వద్దంటే తిట్టాడంట."

ఆయన సముద్రంలోకి వెళ్లి ఆరేళ్లయిందని నాకు ముందే చెప్పారు. మోకాళ్లు వంగని మనిషి. సాయంత్రంలోగా చేతులు బిగించి ఇసుక బస్తాలతో పరీక్ష చేయాలి. ఆయనకేమన్నా అయితే ఎర్ర మార్కు వేసింది నేనే. పోలమ్మ పక్కన కూలబడ్డాను. లేచి వెళ్లి చేయాల్సిన పనులు ఆరో ఏడో ఉన్నాయి, ఫోన్ మోగుతూనే ఉంది. లేవలేకపోయాను.

కాసేపటికి పోలమ్మ తనే మాట్లాడింది. "మావోడికి రాట్నం అంటే బయ్యం. చెప్తే నవ్వుతావు. సముద్రంలో ఎంత గాలైనా నిలబడేవోడు. రాట్నం ఎక్కితే కళ్లు గట్టిగా మూసుకుని తొట్టిలో కింద కూర్చునేవోడు. పెళ్లి చూపులకొచ్చిన పిల్ల ముందు ఎక్కిచ్చారు. దిగి పక్కకెళ్లి కక్కుకున్నాడు."

"పెళ్లి కుదిరిందా?"

"కుదర్లా. ఆ పిల్ల మంచిదే. ఇప్పుడు కొత్తపట్నంలో ఉంది, ఇద్దరు పిల్లలు." ఇసుకలో వేలితో గీత గీసింది. "కుదరకపోటమే మంచిదైంది. లేకపోతే నాతోపాటు అదీ ఇక్కడ కూర్చునేది."

ఆయన వచ్చేసరికి ఒంటిగంట దాటింది. పడవ అలల మీద ఎగిరి ఇసుకలోకి దూసుకొచ్చాక, దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. దూలాలు రెండూ తడిసి నల్లబడ్డాయి, వాటి నిండా చేప పొలుసులు.

"ఊరికే తిప్పి తేలేదు ఇంజనీరమ్మా," అన్నారు. "పని చేయిచ్చా. వల లాగేటప్పుడు ఈటి మీదే నిలబడ్డాం. ఉప్పునీళ్లు తాగినయ్, చేప నెత్తురు తాగినయ్. ఇప్పుడు సముద్రం చూసిన చెక్క."

"ఎక్కడిదాకా పోయావు మామా?" అంది పోలమ్మ.

ఆయన ఆమె వైపు చూడలేదు. "మీవోడు ఆఖరుసారి వలేసిన చోటుకి."

పోలమ్మ దూలం మీద పొలుసు ఒకటి గోటితో తీసి, మళ్లీ అక్కడే అంటించింది. "ఎవరి పేరు పిలుత్తావు?"

"రేపు వినబడిద్దిగా. చెవులున్నయ్ కదా."

"ఇప్పుడు చెప్పొచ్చు కదా."

"చెప్పను. పెద్ద నోరు నీది, ఊరంతా ముందే పలికేత్తావు."

సాయంత్రందాకా బిగించారు. తొట్టికి మూడేసి ఇసుక బస్తాలు వేసి యాభై చుట్లు తిప్పించాను. తర్వాత ఒక పక్క మాత్రమే బరువుంచి తిప్పమంటే ఆయన ఒప్పుకోలేదు. రాట్నాన్ని ఎప్పుడూ అలా నడపలేదట. ఎక్కేవాళ్లని కంటితో చూసి, ఎంత బరువో అంచనా వేసి, లావుపాటాయనకి ఎదురు తొట్టిలో ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టడమే ఆయన పనితనం. నేను పట్టుబట్టి తిప్పించాను. బోల్టుల దగ్గర టార్చి వేసి చూశాను. వెంట్రుకంత కూడా కదల్లేదు.

పౌర్ణమి పొద్దున జనం తెల్లవారకముందు నుంచే సముద్రంలో ఉన్నారు. రాట్నం దగ్గరికి నేను రాగలిగేసరికి ఎనిమిదయింది. పాలెం వాళ్లు చుట్టూ నిలబడి ఉన్నారు. పోలమ్మ గంప లేకుండా వచ్చింది. చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు కొంగు చుట్టుకుని విప్పుకుంటోంది.

ఖాళీ తొట్లతో రాట్నం కదిలింది. నాంచారయ్య గారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఓ బంగారయ్యో!"

ఎవరో ముసలావిడ "ఓ" అంది.

"ఓ ఏడుకొండలో!"

"ఓ!" ఈసారి ముగ్గురు నలుగురు.

"ఓ చిన్నంకయ్యో!"

"ఓ!"

నాలుగో చుట్టు మొదలైంది. కొత్త చేతులు మిగతావాటికంటే నల్లగా ఉన్నాయి. అవి పైకి ఎక్కుతున్నాయి. ఆయన నోరు తెరవలేదు. సగం చుట్టు అయింది. ఇరుసు కిర్రుమనే శబ్దం తప్ప ఏమీ లేదు. నేను ఆయన ముఖం చూశాను. ఆ వయసులో అంతదూరం వెళ్లొచ్చిన మనిషి, తండ్రి పేరు ఒక్క కేక దూరంలో ఉంది. పిలిస్తే ఎవరూ కాదనరు. రాట్నం ఆయనది.

"ఓ నాగశివా! ఒడ్డుకి రారా!"

పోలమ్మ పలకలేదు. అందరూ ఆవిడ వైపు తిరిగారు. తొట్టి కిందికి వచ్చేసింది, చుట్టు అయిపోవచ్చింది. నాంచారయ్య గారు "పలకవే, నోరు పడిపోయిందా?" అని అరిచారు. అప్పుడు "ఓ!" అంది. ఆ గొంతు బీచిదాకా వినబడి ఉంటుంది. అటువైపు స్నానాలు చేసేవాళ్లు కొందరు ఇటు తిరిగారు.

"ఇంక సంతకం పెట్టేవోళ్లు ఎక్కాలి," అన్నారు నాంచారయ్య గారు. "నలభై తొమ్మిది కేజీలు ఉంటావు. ఈ పది రోజుల్లో ఒక కేజీ తగ్గుంటావు. పోలీ, నువ్వు కూడా ఎక్కు. ఎదురు తొట్టికి రెండు బస్తాలు ఏయండ్రా."

మేం ఎక్కింది కొత్త చేతుల మధ్య తొట్టి. చెక్క పలక మీద పక్కపక్కనే కూర్చున్నాం. మోకాళ్లకి అడ్డంగా ఒక కర్ర. వెనక్కి ఊగి, కాళ్ల కింద నేల జారిపోయింది. పైకి వెళ్లేటప్పుడు ఒళ్లు బరువెక్కి, ఈ పది రోజుల అలసట అంతా తొడల మీదికి దిగినట్టుంది. నా చెవి చెక్క చప్పుడు మీదే ఉంది. మద్ది దూలం మూలిగింది. కొత్తగా బిగించిన చెక్క మూలుగుతుంది, అది మంచి మూలుగే, నాకు తెలుసు. అయినా కర్రని పట్టుకున్న నా వేళ్లు తెల్లబడ్డాయి.

పైన సరుగుడు తోట తలలు కిందికి పోయి, సముద్రం మొత్తం కనబడింది. నేను పాతించిన ఎర్ర జెండాలు. దడి లోపల మనుషులు, చీమల్లాగా. రేకుల గదుల ముందు వరస. అటుపక్క ఏమీ లేదు, నీళ్లే. ఎవరో కింద చెయ్యి వదిలారు. తొట్టి ముందుకి పడిపోయింది. అరిచింది నేనే. పోలమ్మ అరవలేదు. చూస్తే కళ్లు గట్టిగా మూసుకుని, పలక మీంచి జారి తొట్టి అడుగున కూర్చుని ఉంది.

"భయమా పిన్నీ?"

"ఆడికి బయ్యం కదమ్మా," అంది కళ్లు తెరవకుండా. "తోడు కూర్చున్నా."

తొమ్మిది చుట్లు తిప్పారు. నాలుగో చుట్టు నుంచి నాకు భయం పోయింది. ఏడో చుట్టులో పైన ఉండగా, గాలి ముఖానికి తగులుతుంటే, కన్ను మూతపడింది. ఒక్క క్షణమే. రాట్నం ఎక్కి కునికిన ఇంజనీరుని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

దిగాక గుంజకి ఆనించి ఫారం మీద మూడో గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను. జనం అప్పటికే తొట్ల దగ్గర తోసుకుంటున్నారు. నాంచారయ్య గారు వాళ్లని కంటితో తూచి ఇటు అటు పంపుతున్నారు. వెళ్లేముందు దగ్గరికి వెళ్లాను.

"బాబాయ్, ఆ పాత చేతులు ఎక్కడ పెట్టారు? రిపోర్టులో రాయాలి."

"నిన్న పడవలో నాలుగు దూలాలు ఏసుకెళ్లానమ్మా," అన్నారు. "వచ్చేటప్పుడు రెండే తెచ్చా." అని, వెనక్కి తిరిగి, "ఒరే ఎర్ర చొక్కా, నువ్వు ఇటు కూర్చో. నీ పెళ్లాం అటు. కలిపి కూర్చోబెడితే రాట్నం లేవదు!" అని అరిచారు. జనం నవ్వారు.

రిపోర్టు ఆ మధ్యాహ్నమే పంపాను. పాత చేతులు రెండు తొలగించడమైనది, కొత్తవి అమర్చడమైనది అని రాశాను. తొలగించినవి ఎవరివో రాయడానికి అందులో చోటు లేదు. రాట్నం మీద కూడా ఇక లేదు. వచ్చే కార్తీకానికి బంగారయ్యని, ఏడుకొండల్ని, చిన్నంకయ్యని, నాగశివని పిలుస్తారు. పలకడానికి వాళ్లకి మనుషులున్నారు.

ఆయన పేరు కొక్కిలిగడ్డ పోతురాజు. ఉప్పెన నాడు పోయాడు. ఆయన పడవ చెక్క నలభై ఆరేళ్లపాటు మనుషుల్ని పైకెత్తి, సముద్రం చూపించి, మళ్లీ కిందికి దించింది. ఒక్కరినీ పడేయలేదు. పనికిరాదని ఎర్ర గుర్తు వేసింది నేను. అందుకే అడుగుతున్నాను. ఇది చదివినవాళ్లు ఆయన్ని గుర్తుంచుకోండి.